పంక్తిలో తెలిసే కృప

కాపరి మాట

ధ్యాన వాక్యభాగములు: గలతీయులకు 2:11-21, రోమీయులకు 14:1-12, లూకా 18:9-14



ఈ నెల మన శీర్షికలో కొంచెము సున్నితమైన సంగతి ఎత్తుకొంటున్నాను. మన కృష్ణా డెల్టా గ్రామములలో చాలా చోట్ల ఆదివారపు గుడితోపాటు శనివారపు గుడి కూడా ఉన్నది. అక్క ఒక సంఘములో ఉంటే చెల్లెలు రెండవ సంఘములో ఉంటుంది. అల్లుడు శనివారము పొలములోనికి దిగడు. కోడలు రొయ్యల కూర ముట్టదు. అయినను పండుగకు, పెండ్లికి, చావుకు అందరూ ఒక్క పందిరి క్రిందనే కలియవలెను. అక్కడ మాటలు వస్తాయి.

“వాళ్ళింకా మోషే క్రిందనే ఉన్నారండీ, కృప సంగతి వాళ్ళకేమి తెలుసు?” అని మన వైపువారు అంటారు. “వాళ్ళకు పది ఆజ్ఞల్లో తొమ్మిదే ఉన్నాయి, ఏది దొరికితే అది తింటారు” అని ఆ వైపువారు అంటారు. రాను రాను అక్క ఇంటికి వచ్చిన చెల్లెలు మంచినీళ్ళు తప్ప మరేమియు ముట్టదు. అక్క చెల్లెలి ఇంటికి పోవుటయే మానివేస్తుంది. ఇద్దరూ ఒకే రక్షకుని నామమున బాప్తిస్మము పొందినవారే!

ఏ దినము సరియైనది అను వాదము ఈ పేజీలో చేయబోవుట లేదు. ప్రభువు మృతులలోనుండి లేచిన దినమున మన సంఘము ఆరాధిస్తున్నది, అది సరియని నా నమ్మిక. కాని దినమును గూర్చిన వాదములో గెలిచి, సహోదరిని పోగొట్టుకొనినవాడు ఏమి గెలిచినట్లు? కృపవలన రక్షింపబడితిమని చెప్పుకొనే మనలోను, ఆజ్ఞలను గైకొంటున్నామని చెప్పుకొనే వారిలోను ఆ కృప ఏమి పని చేసినది? నేడు మనము అడుగవలసిన ప్రశ్న ఇది.

1. ముందు వారిని గూర్చి న్యాయముగా మాటలాడుదము

పొరుగువానిమీద అబద్ధ సాక్ష్యము పలుకరాదన్న ఆజ్ఞ శనివారపు సంఘమువారిని గూర్చి మాటలాడునప్పుడు కూడా వర్తించును గదా! మన ప్రాంతములో విశ్రాంతిదినమును ఆచరించేవారిలో ముఖ్యులు సెవెంత్ డే అడ్వెంటిస్టు సంఘమువారు. ఆ సంఘము అమెరికాలో 1863లో ఏర్పాటైనది. నూజివీడులో వారి గిఫర్డ్ మెమోరియల్ ఆసుపత్రిని, నరసాపురము ప్రక్క రుస్తుంబాదలో వారి ఫ్లెయిజ్ విద్యాసంస్థను మనలో అనేకులు ఎరుగుదురు. శుక్రవారము సూర్యాస్తమయము నుండి శనివారము సూర్యాస్తమయము వరకు వారు పని మానుతారు. లేవీయకాండము 11వ అధ్యాయము ప్రకారము పంది మాంసము తినరు. నీటిలోనివాటిలో రెక్కలు, పొలుసులు రెండూ ఉన్నవే తింటారు. అనగా బొచ్చె, రాగండి తినవచ్చును. రొయ్య, పీత, వాలుగ తినరాదు. కొల్లేటి ప్రక్కన, రొయ్యల చెరువుల మధ్యన నివసించే కుటుంబమునకు ఇది చిన్న నియమము కాదు.

ఇంతకును వారు ఈ నియమములవలన రక్షణ సంపాదించుకొంటామని బోధిస్తారా? వారి సంఘము అధికారికముగా ప్రకటించిన మూల విశ్వాసములలో రక్షణ కేవలము కృపవలననే, క్రియలవలన కాదు అని స్పష్టముగా ఉన్నది. ఆజ్ఞలను గైకొనుట రక్షణకు ఫలమని వారు చెప్పుతారు.

ఈ మాట స్థిరపరచుకొనుటకు వారిలో వారికే గొప్ప పోరాటము జరిగినది. 1888వ సంవత్సరములో అమెరికాలోని మిన్నియాపొలిస్ నగరములో వారి సర్వసభ కూడినది. ఎ. టి. జోన్స్, ఇ. జె. వాగ్గొనర్ అను ఇద్దరు యౌవన బోధకులు లేచి, మన నీతి క్రీస్తే, విశ్వాసమువలననే నీతిమంతులముగా తీర్చబడుదుమని గట్టిగా బోధించిరి. గలతీ పత్రికలో పౌలు చెప్పిన ధర్మశాస్త్రము ఏది అను ప్రశ్నమీద వాదము చెలరేగినది. ఆజ్ఞల పక్షముగా ఎంతో కాలము కష్టపడిన పెద్దలకు ఈ బోధ రుచింపలేదు. కాని ఆ సంఘ స్థాపకులలో ఒకరైన ఎలెన్ వైట్ అమ్మగారు ఆ ఇద్దరు యౌవనుల పక్షముగా నిలిచిరి. ధర్మశాస్త్రమును మాత్రమే ప్రకటించి ప్రకటించి మంచైనను వర్షమైనను లేని గిల్బోవ కొండలవలె ఎండిపోతిమని తరువాత ఆమె తన వారిని గద్దించిరి (2 సమూయేలు 1:21 చూడుడి).

చూచితిరా! ఆజ్ఞలను అంత పట్టుదలగా గైకొనేవారి మధ్యనే దేవుడు కృపను గూర్చిన ప్రశ్నను లేపెను. గనుక “వారికి కృప తెలియదు” అని మనము తేలికగా అనకూడదు. ఆదివారమును గూర్చియు, అంత్యదినములను గూర్చియు వారు చెప్పే కొన్ని సంగతులను మనము అంగీకరింపము. అంగీకరింపమని చెప్పుట వేరు, లేనిది అంటగట్టుట వేరు.

2. విడుదల ముందు, ఆజ్ఞ తరువాత

నిర్గమకాండము 20వ అధ్యాయము తీసి చూడండి. పది ఆజ్ఞలు మూడవ వచనములో మొదలవుతాయి. రెండవ వచనములో ఏమున్నది? ఐగుప్తు దాస్యములోనుండి మిమ్మును వెలుపలికి తెచ్చినవాడను నేనే అని దేవుడు తన్ను తాను పరిచయము చేసికొనుచున్నాడు. ఇశ్రాయేలీయులు ఆజ్ఞలు గైకొన్నందున ఎఱ్ఱ సముద్రము పాయలు కాలేదు. సముద్రము దాటించిన తరువాతనే సీనాయి వచ్చినది. మొదట విడుదల, తరువాత నడవడి. ఈ వరుస తారుమారైతే సువార్త మిగలదు.

విశ్రాంతిదినపు ఆజ్ఞ కూడా అట్టిదే. ద్వితీయోపదేశకాండము 5:14-15 చదువండి. నీ దాసుడును నీ దాసియు నీవలె విశ్రమింపవలెను, నీవు కూడ ఒకప్పుడు దాసుడవే గదా అని దాని భావము. ఇది పాలేరుకు, కూలి మనిషికి దేవుడు ఇచ్చిన బహుమానము. యజమాని దయమీద కాక దేవుని ఆజ్ఞమీద ఆధారపడిన సెలవు!

మన తెలుగు సంఘ చరిత్రలో ఇందుకు మంచి ఉదాహరణమున్నది. 1866లో ఒంగోలులో పని ప్రారంభించిన బాప్తిస్టు మిషనెరీ జాన్ ఎవరెట్ క్లౌ దొరగారి యొద్దకు పల్లెలలోని మాదిగవారు రాసాగిరి. వారు వస్తే మేము రామని పై కులములవారు కొందరు అడ్డు చెప్పిరి. క్లౌ దొరగారు, ఆయన భార్య వేర్వేరుగా ప్రార్థించి బైబిలు తెరువగా ఇద్దరికిని 1 కొరింథీ 1:26 మొదలుకొని ఉన్న భాగమే కనబడెనని ఆ చరిత్ర చెప్పుచున్నది. గొప్పవారిని కాదు, ఎన్నిక లేనివారిని దేవుడు ఏర్పరచుకొనెనని చెప్పే మాటలవి. అంతటితో తలుపు తెరవబడెను.

విశ్వసించినవారికి అక్కడ ముఖ్యముగా మూడు నియమములు ఉండెడివి. ఆదివారము పని చేయరాదు. చచ్చిన గొడ్డు మాంసము తినరాదు. విగ్రహములను పూజింపరాదు. ఈ మూడింటికిని వారు చెల్లించిన వెల ఎంతో! ఆదివారము వెట్టికి రాలేదని, జాతరలో డప్పు కొట్టలేదని గ్రామ పెద్దలచేత బాధలు పడిరి. ఊరంతా మైల అని వెలివేసిన మనిషి, నేను దేవునికి చెందినవాడను, నా భోజనమునకు, నా దినమునకు ఒక మర్యాద ఉన్నది అని తలయెత్తి చెప్పుటకు ఆ నియమములు తోడ్పడినవి. అవి రక్షణకు ఎక్కే మెట్లు కావు, రక్షింపబడినవారి నడక.

1876-78 సంవత్సరముల ఘోర కరువులో క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువ త్రవ్వకములో మూడున్నర మైళ్ళ పనిని గుత్తకు తీసికొని వేలమందికి కూలి కల్పించిరి. ఆ కాలములో మాత్రము బాప్తిస్మములు ఆపివేసిరి. కూటికొరకు చేరినవారనే నింద ఎవరిమీదను పడకూడదని ఆయన ఉద్దేశము. కరువు తీరిన పిమ్మట 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. సహాయము చేతిలో ఉన్నవాడు దానిని ఎర చేసికొనకపోవుట కూడా దీనత్వమే గదా!

ధర్మశాస్త్రపు ఆకర్షణ మన కాలములో కొందరిని ఇంకను దూరము తీసికొనిపోయినది. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెములో మునుపు క్రైస్తవ సంఘములలో ఉన్న కొన్ని కుటుంబములు బెనె ఎఫ్రాయిము అను పేరుతో యూదుల ఆచారములనే అవలంబించి, సినగోగులో విశ్రాంతిదినము ఆచరించుచున్నవి. వారి మార్గము వేరు. క్రీస్తును విడిచిన ఆ మార్గమును మనము అనుసరింపలేము. అయినను మనము ఆలోచింపవలసినది ఒకటున్నది. తరతరములుగా అపవిత్రులని అనిపించుకొన్న వారికి పవిత్రతను గూర్చిన నియమము భారముగా కాక గౌరవముగా తోచును. దీనిని గ్రహింపని బోధకుడు వారితో సువార్త మాటలాడలేడు.

3. గట్టు నీరు పుట్టించదు

కృపకును క్రియలకును గల సంబంధము మన రైతుకు చెప్పుటకు గ్రీకు, హెబ్రీ భాషలు అక్కరలేదు. కాటన్ దొరగారి ఆలోచనతో బెజవాడ వద్ద కృష్ణమీద ఆనకట్ట 1855లో పూర్తయినది. అటు తరువాత 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చినది. అంతకుముందు కూడ ఈ నేలలో రైతులు ఉండిరి, గట్లు ఉండెను, కష్టపడే చేతులు ఉండెను. నదిలో నీరు సముద్రమునకు పోవుచుండగా చేలు ఎండుచుండెను. బందరు కాలువలో, ఏలూరు కాలువలో నీరు వచ్చిన తరువాతనే ఆ కష్టమునకు ఫలము కలిగినది.

గట్టు ఎంత చక్కగా వేసినను చుక్క నీరు పుట్టించదు. ధర్మశాస్త్రము అట్టిది. శనివారము మానిన పని, తినకుండ విడిచిన రొయ్య, తప్పక ఇచ్చిన దశమభాగము, ఇవేవియు ఒక్క పాపమును కడుగలేవు. నీరు పైనుండి రావలెను. అది యేసుక్రీస్తు రక్తముద్వారా కలిగిన కృప. ఎఫెసీ 2:8-9 బోధ ఇదే.

ఇక రెండవ ప్రక్క చూడండి. నీరు వచ్చినది గదా అని గట్టు తెగగొట్టుకొనే రైతు ఉన్నాడా? నీరంతా మురుగు కాలువలోనికి పోవును, పైరు నిలువదు. “మనము కృప క్రింద ఉన్నాము” అని చెప్పి త్రాగుడు మానని, అప్పు తీర్చని, భార్యను కొట్టే క్రైస్తవుడు గట్టు లేని చేను వంటివాడు. అదే ఎఫెసీ పత్రికలో 10వ వచనము కూడ ఉన్నది. సత్క్రియలు చేయుటకే దేవుడు మనలను క్రీస్తులో క్రొత్తగా సృజించెనని అందులో ఉన్నది. మనవారు 8, 9 వచనములు కంఠతా చెప్పి 10 దగ్గర ఆగుతారు. తీతు 2:11-12 ప్రకారము కృప మనకు బ్రదుకు నేర్పే గురువు కూడ.

మరియొక మాట. “నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు” అని మన పెద్దలు అంటారు. మెరక చేనికి నీరు ఎక్కదు, పల్లపు చేనిలోనికి అడుగకుండనే వచ్చును. యాకోబు 4:6లో ఉన్నది ఇదే సత్యము. దేవుడు అహంకారులను ఎదిరించి దీనులకు కృప అనుగ్రహించును. కాలువ మొదట చేను ఉన్న రైతుకు ముందుగా నీరు అందును. కృత్తివెన్నులోను, నాగాయలంకలోను శివారు భూముల రైతు నీటికొరకు రాత్రులు కాపలా కాయును. మొదటి రైతు “నేను మంచి సేద్యగాడను గనుక నాకు నీరు వచ్చినది” అంటే ఊరు నవ్వదా? నీకు కలిగినదానిలో నీవు పొందనిది ఏమున్నదని పౌలు అడిగెను (1 కొరింథీ 4:7). మన తాతలకు సువార్త ముందు అందినది. అది మన గొప్పతనము కాదు, కాలువ మొదట ఉంటిమి, అంతే.

4. అంతియొకయలో జరిగినది భోజనపు తగవు

ఇక అసలు సంగతికి వత్తము. గలతీ 2వ అధ్యాయములో పౌలు పేతురును అందరి యెదుట గద్దించెను. అంత పెద్ద అపొస్తలుని గద్దించుటకు కారణమేమి? పేతురు తప్పు సిద్ధాంతము బోధించెనా? లేదు. అన్యజనులలోనుండి వచ్చిన విశ్వాసులతో కలిసి భోజనము చేసిన పేతురు, యెరూషలేమునుండి యాకోబు యొద్దనుండి కొందరు రాగానే భయపడి పంక్తి నుండి లేచి వేరుగా కూర్చుండెను. దానినే పౌలు సువార్త సత్యమునుండి తప్పిపోవుటగా ఎంచెను.

మన దేశములో ఈ వాక్యము చదివేవారికి వేరే వ్యాఖ్యానము కావలెనా? ఎవరితో కూర్చుండి తినవచ్చును, ఎవరి చేతి నీరు త్రాగవచ్చును, ఎవరి గ్లాసు వేరుగా ఉంచవలెను అను లెక్కలమీదనే మన సంఘములోనివారి తాత ముత్తాతలు నలిగిపోయిరి. అట్టి మన మధ్యకు ప్రభువు రొట్టె విరిచి ఒక్క పాత్ర పెట్టెను. ఆ పాత్ర దగ్గర నుండి వచ్చిన మనము తిరిగి ఒకరి ఇంట ఒకరము తినకపోతే, పాత అంటరానితనమును బైబిలు మాటలతో క్రొత్తగా కట్టుకొన్నట్లే.

ఇక్కడ గమనింపుడి. రొయ్య తినకపోవుట పాపము కాదు. రోమా 14వ అధ్యాయములో కూరగాయలే తినేవానిని పౌలు తప్పు పట్టలేదు. తినేవాడు తిననివానిని తృణీకరింపకూడదు, తిననివాడు తినేవానికి తీర్పు తీర్చకూడదు అని ఇద్దరికిని సమానముగా చెప్పెను. తినేవానికి వచ్చే రోగము తృణీకారము. తిననివానికి వచ్చే రోగము తీర్పు. రెండు రోగములకును మందు ఒకటే: అతనిని చేర్చుకొన్నది దేవుడు.

డోర్నకల్ బిషప్పు వి. ఎస్. అజరయ్య గారిని జ్ఞాపకము చేసికొనుడి. ఆయన 1912లో ఆంగ్లికన్ సంఘమందు భారతీయులలో మొదటి బిషప్పుగా అభిషేకింపబడిరి. దానికి రెండేండ్లు ముందు, 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనెరీ మహాసభలో లేచి ఆయన కఠినమైన సత్యము చెప్పిరి. మిషనెరీలు మా కొరకు ఆస్తులిచ్చిరి, ప్రాణములిచ్చిరి, మేము కృతజ్ఞులము, కాని మాకు స్నేహితులు కావలెను అని ఆయన మాటల సారాంశము. క్రియలు కొండంత ఉండెను, కాని మన క్రైస్తవునితో సమానముగా కూర్చుండే దీనత్వము కొరవడెను. 1 కొరింథీ 13:3లో ఆస్తి అంతయు పంచిపెట్టినను ప్రేమ లేనియెడల వ్యర్థమని పౌలు చెప్పినది ఇట్టి దానినే.

మనమేమి తక్కువ తిన్నామా? ఒకే ఊరిలో మాల పేటకు ఒక గుడి, మాదిగ పేటకు ఒక గుడి ఉండి, రెండు గుడులలోను గలతీ పత్రికమీదనే ప్రసంగములు జరుగుచుండగా, శనివారపువారిని చూచి “వారు ధర్మశాస్త్రము క్రింద ఉన్నారు” అనుటకు మనకు నోరెట్లు వచ్చును?

5. క్రొత్త పరిసయ్యుడు

లూకా 18వ అధ్యాయములోని పరిసయ్యుడు అబద్ధము చెప్పలేదు. నిజముగానే వారమునకు రెండు మారులు ఉపవాసముండెను, నిజముగానే దశమభాగమిచ్చెను. దేవునికి కృతజ్ఞతలు కూడ చెప్పెను! తప్పెక్కడ? అతని కన్ను దేవునిమీద లేదు, వెనుక నిలిచిన సుంకరిమీద ఉన్నది.

నేడు కృపను గూర్చి బాగుగా తెలిసిన పరిసయ్యుడు బయలుదేరినాడు. “దేవా, ఈ సబ్బాతు ఆచరించేవానివలె నేను ఆచారములను నమ్ముకొనుట లేదు గనుక నీకు స్తోత్రము” అని ప్రార్థిస్తాడు. మాటలు కృపను గూర్చినవి, స్వరము మాత్రము పాతదే. గురివింద గింజ తన నలుపు ఎరుగదు.

మనకు వ్రాయబడని ధర్మశాస్త్రము ఎంత ఉన్నదో లెక్కించి చూడండి. తలలో పూలు పెట్టుకొన్న చెల్లెలిని, బొట్టు ఇంకను తీయని క్రొత్త విశ్వాసిని మన సంఘములో ఎట్లు చూస్తాము? శ్రమల దినములలో నలుబది దినములు మాంసము ముట్టనివాడు ముట్టినవానిని ఎట్లు చూస్తాడు? దశమభాగము ఇచ్చినవారి పేర్లు పెద్దగా చదువుతాము. గుడి ఫ్యాను రెక్కలమీద దాత పేరు తిరుగుచునే ఉండును. పేద విధవరాలు వండుకొనే ముందు తీసిపెట్టిన పిడికెడు బియ్యముమీద మాత్రము ఎవరి పేరూ ఉండదు. ప్రభువు కానుక పెట్టె ఎదుట కూర్చుండి చూచినది ఎవరిని? (మార్కు 12:41-44).

పూలు పెట్టుకొనకపోవుట, ఉపవాసము, దశమభాగము చెడ్డవని నేను చెప్పుట లేదు. పుదీనలో దశమభాగమిచ్చే పరిసయ్యులతో ప్రభువు దానిని మానుమనలేదు, న్యాయమును కనికరమును విశ్వాసమును విడువవద్దనెను (మత్తయి 23:23). ఆజ్ఞ గైకొనుడి, కాని దానిని పొరుగువానిని కొలిచే కొలబద్ద చేయకుడి.

6. వారియొద్ద నేర్చుకొనదగినది

శనివారము నాట్లకు వెళ్ళని కూలి మనిషికి ఆనాటి కూలి పోవును. శనివారము పరీక్ష పడితే ఆ పిల్లవాడు పడే వేదన అంతింత కాదు. అయినను నిలుస్తారు. మనమో, కోతల కాలము వస్తే ఆదివారము ఉదయము గుడికి వచ్చి, ఆశీర్వాదము పూర్తికాక ముందే కొడవలి వెదకుతాము. కృప పొందినవాని కృతజ్ఞత కూలివాని భయముకంటె బలహీనముగా ఉండవచ్చునా?

వారియొద్ద మరియొక మంచి ఆచారము ఉన్నది. ప్రభు రాత్రి భోజనమునకు ముందు స్త్రీలు స్త్రీలకు, పురుషులు పురుషులకు పాదములు కడుగుతారు. దానికి వారు పెట్టుకొన్న పేరే వినయ సంస్కారము. యోహాను 13వ అధ్యాయమును మనము చదివి ప్రసంగిస్తాము, వారు పళ్ళెము, తువాలు తెచ్చి మోకరిస్తారు. దమ్ము చేసిన చేలోనుండి వచ్చిన పాదములను వంగి కడిగినవానికి, వెంటనే లేచి ఆ మనిషిని చిన్నచూపు చూచుట కష్టము. పాదములు కడుగుటవలన రక్షణ రాదు. కాని రక్షణ పొందినవాడు ఎంత క్రిందికి వంగవలెనో ప్రభువు మనకు చూపెను.

7. మనమేమి చేయవలెను?

మొదటిది, సువార్త విషయములో తొలగకుడి. ఫలానా దినము ఆచరింపనియెడల, ఫలానాది మానకపోతే రక్షణ లేదు అని ఎవరైనను బోధిస్తే, వారు శనివారపువారైనను మనవారైనను, పౌలువలె ఒక్క గడియయైనను లోబడవద్దు (గలతీ 2:5). క్రీస్తు సిలువకు మనము చేర్చవలసినది ఏమియు లేదు. అట్లే కృప ఉన్నది గనుక ఎట్లు బ్రదికినను ఫరవాలేదు అనేవానికి రోమా 6:1-2 చూపుడి.

రెండవది, మీ ఇంటికి తిననివారు అతిథులుగా వస్తే ముందే తెలిసికొని వారు తినగలిగినది వండుడి. పొలుసు చేప దొరకకపోతే పప్పు, గోంగూర చాలును. “ఒక్క రొయ్య తింటే ఏమవుతుంది?” అని ఎగతాళి చేయకుడి. అన్నముకొరకు సహోదరుని పాడుచేయవద్దని వాక్యమున్నది (రోమా 14:15).

మూడవది, ఈ పత్రిక విశ్రాంతిదినము ఆచరించే గృహములలోనికి కూడ పోవుచున్నదని ఎరుగుదును. అమ్మా, అయ్యా, మీరు తినని పదార్థము తినవద్దు. కాని అక్క ఇంట, అన్న ఇంట పంక్తిలో కూర్చుండుడి. వారి అన్నము, వారి పచ్చడి, వారి మజ్జిగ పుచ్చుకొనుడి. మీ ఆజ్ఞను మీరు కాపాడుకొనుటకు మీ వారిని వెలివేయనక్కరలేదు.

నాలుగవది, పెండ్లి, కృతజ్ఞతా కూటము, జ్ఞాపకార్థ కూటము పెట్టునప్పుడు ఇరువురికిని వీలైన దినము చూడుడి. ఇది సిద్ధాంతము విడుచుట కాదు. ఇతరులను తమకంటె యోగ్యులని ఎంచుట అనగా ఫిలిప్పీ 2:3లో ఇదే.

పరలోకములో ఒక విందు ఉన్నది. ఆకాలమున అబ్రాహాము ఇస్సాకు యాకోబులతో కూడ తూర్పునుండియు పడమటినుండియు వచ్చినవారు ఆ పంక్తిలో కూర్చుందురని ప్రభువు చెప్పెను (మత్తయి 8:11). అక్కడ మన ప్రక్కన ఎవరిని కూర్చుండబెట్టవలెనో మనలను అడుగరు. ఇక్కడ ఎవరి ప్రక్కన కూర్చుండనంటిమో, అక్కడ వారి ప్రక్కనే మన విస్తరి వేస్తే ఏమి చేస్తాము?

కుటుంబ ప్రార్థనలో ఆలోచించుటకు

1. మన ఇంటిలో ఏ నియమమును మనము దేవునికి కృతజ్ఞతగా చేస్తున్నాము? ఏ నియమమును పొరుగువారు చూడవలెనని చేస్తున్నాము?

2. మతభేదమువలన లేక పేట భేదమువలన మనము భోజనమునకు పిలువక మానిన బంధువులు ఎవరు? ఈ నెలలో వారిలో ఒక్కరినైనను పిలువగలమా?

3. ఎఫెసీ 2:8-10 పిల్లలచేత చదివించుడి. పదవ వచనము విడువకుడి.

ప్రార్థన

పరలోకపు తండ్రీ, మేము నిన్ను వెదకక ముందే నీవు మమ్మును వెదకితివి. మా గట్లు ఎండియుండగా నీ కృపను ప్రవహింపజేసితివి. మేము చేసిన క్రియలనుబట్టి అతిశయింపకుండను, కృప అను మాటను సాకుగా పెట్టి సత్క్రియలు విడువకుండను మమ్మును కాపాడుము. మాకంటె వేరుగా నిన్ను సేవించే సహోదరులను తృణీకరించే హృదయమును మాలోనుండి తీసివేయుము. మా పంక్తులను నీ బల్లవలె చేయుము. శిష్యుల పాదములు కడిగిన నీ కుమారుడైన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ. ఆమేన్.